కాలువ గట్టు బిళ్ళల పలక

మా ముందు గది గోడకు ఒక పాత చెక్క పలక ఉంది. దాని నిండా మేకులే. వాటిలో ఒక్క మేకుకు మాత్రం అరచేతిలో ఇమిడేంత ఇత్తడి బిళ్ళ వేలాడుతూ ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ బిళ్ళ చెక్కకు తగిలి టిక్కు టిక్కుమంటుంది. విని విని ఆ చప్పుడు నాకు గోడ గడియారం చప్పుడులాగా అయిపోయింది. మోగుతున్నంతసేపు వినపడదు, ఆగితే తెలుస్తుంది. మొన్న ఆగింది. వంటింట్లోంచి తొంగి చూస్తే మా కొత్త కోడలు సౌమ్య, పండుగకు ఇత్తడి సామాను తోముతూ తోముతూ, దీన్ని కూడా తోముదామని స్టూలెక్కి బిళ్ళను చేత పట్టుకుని ఉంది. ఇంకా మేకు మీది నుంచి తియ్యలేదు. "తియ్యకు!" అని నేను అరిచిన అరుపుకు ఆ పిల్ల చేతిలోని చింతపండు ముద్ద జారి నేల మీద పడింది.

"నల్లగైందని తోముదామనుకున్న అత్తమ్మా," అంది బిక్కమొహం వేసి. "తోముడు కాదు బిడ్డా, తియ్యొద్దు. తీసేటి మనిషి వేరే ఉన్నడు," అన్నాను. "ఎవలు?" అంది. ఆ పిల్లను కూర్చోబెట్టి దేవదానం కాక గురించి చెప్పాను. చెప్పిన తర్వాత, ఇది ఇంకొందరికి కూడా చెప్పవలసిన మాటే అనిపించింది.

దేవదానం కాక మాకు చుట్టం కాదు. గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుసలో చివరి ఇల్లు ఆయనది. బొగ్గుబాయిలో కూలీగా దిగి, కూలీల మీద సర్దారుగా రిటైరైన మనిషి. గనిని మేము బాయి అనే అంటాం. భార్య పోయింది. ఒక్క కూతురు మార్తమ్మ, గోదావరి అవతల మంచిర్యాలలో టీచరు. ఆయన నుదుటి మీద, ఎప్పుడో తగిలిన దెబ్బలోకి బొగ్గు దూరి, చర్మం కింద అట్లాగే మిగిలిపోయిన నీలం మచ్చ ఒకటుండేది. ఆదివారం చర్చికి పోయేటప్పుడు దాని మీద కూడా పౌడరు రాసుకునేవాడు. "దేవునికి కనబడదా కాకా?" అంటే, "దేవునికి ఎర్కే. పాస్టరుకే ఎర్కలేదు," అనేవాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా వెనుక ఉన్న పాత బాయిని మూసేశారు. కొన్నాళ్లు అక్కడ తుమ్మచెట్లు, పాములు తప్ప ఏమీ లేవు. తర్వాత ఆ నేలను చదును చేసి కానుగ, నీలగిరి మొక్కలు పెట్టారు. పక్కనే పోయే కాలువ గట్టు మీద, పాత చెట్ల కింద మొరం పోసి నడిచే బాట వేశారు. అక్కడక్కడ సిమెంటు బల్లలు, నీళ్లలోకి దిగడానికి మెట్లు. బొగ్గు లారీలకు జరిగి జరిగి మోరీల పక్కనే బతికిన మాకు అంత వెడల్పు బాట, అంత నీడ, పక్కన పారే నీళ్లు కొత్త. అయినా ఎవరూ పోయేవారు కాదు. పని లేకుండా నడిచేవాళ్లను మా దగ్గర పిచ్చివాళ్లనే అనుకునేవారు.

ఆ యేడే నాకు షుగర్ వచ్చింది. దవాఖానలో డాక్టరమ్మ రోజూ ఒక గంట నడవమంది. నడవడం నాకు తెలియనిదా? నీళ్ల బిందెతో నడిచాను, కట్టెల మోపుతో నడిచాను, పిల్లను చంకనేసుకుని నడిచాను. ఉత్త చేతులతో మాత్రం ఎన్నడూ నడవలేదు. సిగ్గేసింది. అందుకని పాల క్యాను ఒకటి పట్టుకుని, పాలకు పోతున్నట్టు పోయేదాన్ని. పక్కింటి కనకమ్మ నా వెంట ఒక సంచి పట్టుకుని వచ్చేది. నాలుగో రోజో ఐదో రోజో, గట్టు మొదట్లో కానుగ చెట్టు కింద నిలబడి ఉన్న దేవదానం కాక మమ్మల్ని ఆపాడు.

"క్యాన్ల ఏమున్నది బిడ్డా?"

"పాలకు పోతున్న కాకా."

"పాలోని ఇల్లు అటున్నది. నువ్వు ఇటు వోతున్నవు. బర్రె కాలువల ఈత కొడుతున్నదా?"

కనకమ్మ కిసుక్కున నవ్వింది. కాక ఆమె దిక్కు తిరిగి, "నువ్వేంది, సంచి నిండ గాలి కొనుక్కొస్తున్నవా?" అన్నాడు. నా చేతిలోంచి క్యాను తీసుకుని కానుగ కొమ్మకు తగిలించాడు. "వాపసు వచ్చేటప్పుడు తీస్కపో. చేతులు ఊపుకుంట నడువు. నేను ముప్పై ఏండ్లు వంగి నడిచిన. పైకప్పు యాడ తగుల్తదో అని తల ఎత్తలే. ఇప్పుడు ఎత్తుతున్న. సిగ్గేంది?" అన్నాడు. ఆ రోజు నేను చేతులు ఊపుతూ నడిచాను. మొదట నా చేతులు నావి కానట్టే ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి చెమట పట్టింది, ఆకలి వేసింది, ఎందుకో తెలియకుండానే నవ్వు వచ్చింది. మనిషికి పని లేని గంట ఒకటి ఉండాలని, అది దొంగతనం కాదని నాకు నేర్పింది ఆ కాకే. చిన్న మాటే కావచ్చు. నా అత్తకు, నా తల్లికి ఎవరూ చెప్పని మాట అది.

నెమ్మదిగా జనం పెరిగారు. పింఛన్ల ముసలివాళ్లు, షుగరు ఆడవాళ్లు, దమ్ము రోగం పట్టినవాళ్లు. అప్పుడు కాక ఆ పలక తెచ్చాడు. బాయిలో దిగేముందు ప్రతి మనిషి తన నంబరు బిళ్ళను బాయి మొకం దగ్గరి పలకకు తగిలించి దిగుతాడు, పైకి వచ్చాక తీసుకుపోతాడు. షిఫ్టు అయిపోయాక పలక మీద బిళ్ళ మిగిలితే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. పలకను కానుగ చెట్టుకు కొట్టి, అదే పద్ధతి కాక గట్టు మీద పెట్టాడు. నూనె డబ్బాల మూతలు గుండ్రంగా కత్తిరించి, మేకుతో నంబర్లు కొట్టి తలా ఒకటి ఇచ్చాడు. నాది తొమ్మిది. ఆయనది మాత్రం బాయిలో వాడిన అసలు ఇత్తడి బిళ్ళ. "రిటైరైతే వాపసు ఇయ్యాలె కదా కాకా?" అని మా ఆయన రాజమల్లు అడిగితే, "ముప్పై ఏండ్లు నా పానం పెట్టుకున్నరు. నేను బిళ్ళ పెట్టుకున్న. సరిపాయె," అన్నాడు.

అందరూ నవ్వారు. "గట్టు మీద బండ కూలుతదా కాకా?" అని కనకమ్మ అంటే, "బండ కూలదు. పాము కరుస్తది, గుండె ఆగుతది, కాలు జారుతది. ఒక్కొక్కలు ఒక్కొక్క దిక్కు నడుస్తున్నరు, ఎవలు ఎవలను చూస్తున్నరు?" అన్నాడు. ఆయన మాట ఉత్తది కాలేదు. ఒక ఎండాకాలం సమ్మన్న అనే ముసలాయన బిళ్ళ మిగిలిపోతే, వెతుకుతూ పోయి, ఆయన సిమెంటు బల్ల వెనుక కళ్లు తిరిగి పడి ఉండగా పట్టుకొచ్చారు. అప్పటినుంచి నవ్వడం మానేశారు. సమ్మన్న అయితే ఆ తర్వాత రోజూ అందరికంటే ఆఖరున పోయేవాడు. పలక ఖాళీ అయితేనే ఇంటి దారి పట్టేవాడు. ఒక్క బిళ్ళ ఉన్నా కర్ర పట్టుకుని వెనక్కి తిరిగేవాడు. తెలంగాణ సమ్మె రోజుల్లో మగవాళ్లకు డ్యూటీలు లేక అందరూ గట్టెక్కితే మేకులు చాలలేదు. "అన్ని బాయిలు బందు. మన బాయి ఒక్కటే నడుస్తున్నది," అని కాక ఇంకొక వరుస మేకులు కొట్టాడు.

పలకకు ఒక్కటే కట్టుబాటు. ఎవరి బిళ్ళ వాళ్లే తియ్యాలి. ఆ సమ్మెకు మూడు నాలుగేళ్ల ముందు ఒకరోజు మా ఆయన బల్ల మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటుంటే, నేను నా బిళ్ళతో పాటు ఆయనది కూడా తీశాను. కాక నా చేతిలోంచి దాన్ని లాక్కుని మళ్లీ మేకుకు తగిలించాడు. ఆయన ముఖం అట్లా ఉండగా నేనెన్నడూ చూడలేదు. "పెండ్లాంవైతే ఏంది? నువ్వు వాని కాళ్లతోని నడిచినవా?" అన్నాడు. నలుగురిలో నా తల కొట్టేసినట్టయింది. మా ఆయన వచ్చి తన బిళ్ళ తాను తీసుకునేదాకా కాక అక్కడి నుంచి కదల్లేదు.

తెల్లవారి నేను గట్టుకు పోలేదు. పొద్దెక్కాక కాక మా ఇంటికి వచ్చి గడప మీద కూర్చున్నాడు. నేను చాయ పెట్టి ఇచ్చాను. చాయ సగం తాగి తానే మొదలుపెట్టాడు.

"ఓదెలని నా జోడిగాడు ఉండె బిడ్డా. ఇద్దరిది ఒక్క ఊరే. షిఫ్టు దిగినంక ఊరి బస్సుకు ఉరుకుతుంటిమి. ఒకనాడు నేను ముందుగాల పైకొచ్చిన. వాడు పైకొచ్చి అటు నల్లా కాడికి పోయిండనుకున్న. బస్సు తప్పుతదని వాని బిళ్ళ సుత నేనే తీసి జేబుల ఏస్కున్న. బస్టాండుల ఇద్దామని."

"అయితే?"

"వాడు రాలే. అక్కోళ్లింటికి పోయిండనుకున్న. పలక ఖాళీగున్నది, ఇగ ఎవలు ఎతుకుతరు? తెల్లారి షిఫ్టోళ్లకు దొరికిండు. కాళ్ల మీద బండ. ఎంటనే సావలేదట. చెయ్యికి అందిన రాయితోని గోడ మీద కొట్టుకుంటనే ఉన్నడట. ఆ రాయి ఒక పక్క అరిగి ఉండె. నేను సూసిన."

చాయ చల్లారిపోయింది. "వాని పెండ్లాంకు చెప్పలే. ఎవ్వలకు చెప్పలే. నువ్వు వేరేటోళ్ల బిళ్ళ మీద చెయ్యేసినవు గనుక నీకు చెప్పిన," అని లేచాడు. గడప దాటుతూ, "మంచికి అని తీసిన బిడ్డా. మంచికే," అన్నాడు. మరునాడు నేను గట్టుకు పోయాను.

తర్వాత ఐదారేళ్లు గడిచాయి. కొత్త రాష్ట్రం వస్తుందని ఊరంతా ఎదురుచూస్తున్న యేడు. కాకకు మోకాళ్లు పట్టేశాయి. గట్టు అవతలి కొసన ఉన్న మోరీ పక్క నుంచి ఆయన ఇంటికి అడ్డదారి ఉంది. అట్లా పోతే పది నిమిషాలు. కానీ బిళ్ళ కోసం కుంటుకుంటూ కానుగ చెట్టు దాకా వెనక్కి వచ్చేవాడు. "మేము తీసి ఇస్తం కాకా," అని ఎవరూ అనేవారు కాదు. అంటే ఏమంటాడో తెలుసు. అంత నొప్పిలోనూ ఆయన మానని పని ఇంకొకటుంది. రోజూ కాలువ మెట్లు దిగి, నీళ్ల అంచు మెట్టు మీది పాచిని చేతికర్ర ముల్లుతో గీకేవాడు. ఆడవాళ్లు కాళ్లు కడుక్కునే చోటు, జారుతారని.

శ్రావణంలో ముసురు పట్టింది. మూడు రోజులుగా చినుకు ఆగలేదు. కాలువ గట్టంచు దాకా పారుతోంది. ఆ పొద్దున మేము నలుగురమే వచ్చాం: నేను, కనకమ్మ, సమ్మన్న, కాక. నేను, కనకమ్మ తిరిగి కానుగ చెట్టు దగ్గరికి వచ్చేసరికి వాన పెద్దదైంది. కాక కనిపించలేదు. "కాక మోరీ దిక్కు నుంచి ఇంటికి పోయిండు. ఛత్రి పట్టుకొని పోవుడు నేను చూసిన," అంది కనకమ్మ. ఛత్రి పట్టుకున్న మనిషినే చూసింది. ముఖం చూడలేదు. అది తర్వాత తెలిసింది.

పలక మీద రెండు బిళ్ళలున్నాయి. సమ్మన్నది, కాకది. నేను అక్కడ నిలబడి ఆలోచించాను. ఇంటికి పోయిన మనిషి, ఆ మోకాళ్లతో, ఇంత వానలో బిళ్ళ కోసం మళ్లీ వస్తాడు. రాక మానడు. నేనే తీసి ఇంటికి ఇచ్చి వస్తే, తిడితే తిడతాడు, నడక తప్పుతుంది కదా అనుకున్నాను. ఓదెలు గుర్తుకు రాలేదా అంటే వచ్చాడు. వచ్చినా తీశాను. మంచికే. ఇత్తడి బిళ్ళను కొంగున ముడేసుకుని ఇంటికి వచ్చాను. వెనకాల వచ్చిన సమ్మన్న తన బిళ్ళ ఒక్కటే ఉండడం చూసి, అది తీసుకుని, పలక ఖాళీ అయిందని ఇంటికి పోయాడు.

మా వంటింటి కప్పు కారుతోంది. గిన్నెలు పెట్టి, నీళ్లు ఎత్తిపోసి, వంట చేసి, మా ఆయనను సెకండు షిఫ్టుకు పంపించేసరికి పొద్దు నడినెత్తి దాటింది. బిళ్ళ గుర్తుకొచ్చి కాక ఇంటికి పోయాను. తలుపుకు తాళం ఉంది. వాకిట్లో తడి చెప్పుల జాడ లేదు. సమ్మన్నను పిలుచుకుని గట్టు మీద ఎట్లా పరుగెత్తానో తెలియదు.

అంచు మెట్టు మీద ఉన్నాడు. పాచి గీకబోయి జారాడు. తుంటి విరిగింది. ఒళ్లు నడుము దాకా నీళ్లలో ఉంది. మెట్ల పక్కనున్న ఇనుప కడియాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. పొద్దున ఏడింటి నుంచి మూడింటి దాకా అట్లాగే పట్టుకుని ఉన్నాడు. పెదవులు తెల్లగా పాలిపోయాయి. మేము ఆ వేళ్లను కడియం నుంచి ఒక్కొక్కటిగా విప్పవలసి వచ్చింది.

దవాఖానలో మరునాటికి మాట వచ్చింది. ఒళ్లంతా జ్వరం. బొగ్గు దుమ్ము నిండిన ఊపిరితిత్తులకు ఆ చలి ఆగలేదు. నేను మంచం పక్కన కూర్చుంటే తల తిప్పి చూశాడు.

"ఆలస్యమైందేంది బిడ్డా?"

"వాన, కాకా."

"గంతే. వాన." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "చెయ్యి ఎన్నోసార్లు వదుల్దామనిపిచ్చింది. బిళ్ళ ఉన్నది కదా, సమ్మన్న సూస్తడు, వస్తరు... అని పట్టుకున్న. నా బిళ్ళ పలక మీదనే ఉన్నది కదా?"

బిళ్ళ నా కొంగు ముడిలో ఉంది. ముడి నా గుప్పిట్లో ఉంది. "ఉన్నది కాకా. దాన్ని చూసే వచ్చినం," అన్నాను.

"గట్లనే ఉండనీయి. నేనొచ్చి తీస్కుంట. ఎవ్వలను ముట్టనీయకు," అన్నాడు. ఆయన ముఖం మీద వచ్చిన ఆ నెమ్మది నేను చూశాను. ఓదెలు రాయి కొట్టుకుంటూ కొట్టుకుంటూ పోయిన కాలం నుంచి ఆయన మోసిన బరువేదో ఆ ఒక్క మాటతో కొంచెం దిగినట్టుంది. నా అబద్ధం మీద దిగింది. దవాఖాన నుంచి నేరుగా గట్టుకు పోయి, ఆ వానలోనే, బిళ్ళను ఆయన మేకుకు తగిలించి వచ్చాను. మూడో రోజు కాక చనిపోయాడు.

సమాధుల తోటలో పెట్టె మూసేముందు మార్తమ్మ నన్ను అడిగింది, "అక్కా, నాయిన బిళ్ళ తెస్తవా? లోపల పెడుదం," అని. "ఆయన తియ్యొద్దన్నడు," అన్నాను. అది నిజమే. నిజమంతా కాదు. ఏడాది దాకా ఆ మిగతా నిజం ఎవరికీ చెప్పలేదు. కాక ఓదెలు భార్యకు చెప్పకుండానే ముసలివాడయ్యాడు. నేను అట్లా కాకూడదనుకున్నాను. ఏడాది ప్రార్థనకు మంచిర్యాల పోయి, వచ్చినవాళ్లంతా పోయాక, వంటింట్లో మార్తమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె గిన్నెలు కడుగుతోంది. కడగడం ఆపలేదు. ఆఖరి గిన్నె బోర్లించి, "ఎనిమిది గంటలు పట్టుకున్నడు అక్కా," అంది. "అవును," అన్నాను. "ఇగ పో. బస్సు ఉన్నది," అంది. ఆ తర్వాత ఆమె మా ఇంటికి రాలేదు. నేను పిలవలేదు. క్షమించమని అడగడానికి కూడా ఒక అర్హత ఉండాలి కదా అనిపిస్తుంది.

కొన్నేళ్లకు గాలివానకు కానుగ కూలింది. నరకడానికి వచ్చినవాళ్లను బతిమాలి, బిళ్ళ కదలకుండా గుడ్డ చుట్టి, పలకను ఉన్నదున్నట్టు ఊడదీయించి ఇంటికి తెచ్చుకున్నాను. గట్టు మీద ఇప్పటికీ నడుస్తారు, చెవుల్లో పాటలు పెట్టుకుని, ఎవరి దారిన వాళ్లు. నేనూ నడుస్తాను, చేతులు ఊపుతూ. అందరికంటే ఆఖరున తిరిగి వస్తాను. మెట్ల దాకా పోయి, వంగి, నీళ్లలోకి చూసి వస్తాను. ఎవరైనా "ఫలానా ఆయన ఇంటికి పోయిండు," అంటే, "ముఖం చూసినవా?" అని అడుగుతాను. చాదస్తం అంటారు. అననీ.

ఇదంతా విని సౌమ్య లేచి, నేల మీద పడిన చింతపండు ముద్దను కడుక్కుని, మళ్లీ స్టూలెక్కింది. నేనూ లేచాను. ఆ పిల్ల ఒక చేత్తో బిళ్ళను పలకకు అదిమిపట్టి, రెండో చేత్తో, మేకు మీద ఉన్నది ఉన్నట్టే, తోమడం మొదలుపెట్టింది. చింతపండు నీళ్లు గోడ మీదుగా నల్లగా కారాయి. తడి గుడ్డతో తుడిచి వదిలేసరికి బిళ్ళ ఒకసారి ఊగి, చెక్కకు తగిలింది.

"ఉన్నడత్తమ్మా, లోపల్నే," అంది సౌమ్య.